మేకలు మేసిన చేను

పోయిన వారం మనం ద్వారకనాథ్‌ని వరండాలో మంచం మీద కూలబెట్టి వచ్చేశాం. పైన రేకుల కప్పు. ఆ రేకుల మీద రెండేళ్లుగా ఊరు మరిచిపోయిన చప్పుడు. ముందు టప్పుమంది. తర్వాత టపటపలాడింది. ఆ తర్వాత పక్క మనిషి అరిచినా వినపడనంత మోత. వాన! తిరుత్తణి కొండ వెనక నుంచి సాయంత్రంపూట తోసుకొచ్చిన వానలో ఊళ్లో ఆడా మగా వీధికెక్కి తడిసి ముద్దవుతుంటే, మనవాడొక్కడే పొడిగా, పాలిపోయి, తల పట్టుకుని కూర్చున్నాడు.

కారణం గుర్తుందిగా? మేఘం రాలేదని చేలోకి మేకను పంపాడు. మేక వెళ్లాక మేఘం వచ్చింది!

ఆడి నెలలో పడీపడని తుంపరకి విత్తిన వేరుశనగ అది. ఆ తర్వాత రెండు నెలలు గడిచి పురటాసి సగమైనా చినుకు లేదు. ఆకు మాడింది, నేల ఇటుకలా బిగిసింది. కాడ పట్టి లాగితే కాడే చేతికొస్తుంది, కాయలు లోపలుంటే లోపలే ఉండిపోతాయి. ఉన్నాయో లేవో చూడ్డానికే గడ్డపార కావాలి. ఈలోగా తిరువళ్ళూరు నుంచి అధికారులు కరువు చూడ్డానికి వస్తున్నారని తెలిసి బావమరిది పొన్నుస్వామి చెవిలో ఊదాడు: "నాలుగాకులు పచ్చగా కనపడినా కరువు కాదంటారు బావా, పరిహారం రాదు. నా మేకల్ని తోలుతా, శుభ్రంగా నాకేస్తాయి." తోలాడు. నాకేశాయి. ఆ బోడి చేనులో నిలబడి ద్వారకనాథ్ తన బొద్దు మీసం మెలేసి, అందరి ఫోన్లలోకీ చూస్తూ శపథం చేశాడు. ఈ నేలలో ఒక్క కాయ చూపిస్తే ఆ మీసాన్ని కొండ మీద స్వామికి ఇచ్చేస్తాడట! కరువులో పరువు పెంచుకోబోయి బరువు పెంచుకున్నాడు.

ఎందుకు బరువంటే, ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఆసామి తానే ఒప్పుకుని తన చేలోకి మేకను తోలించాడంటే ఆ చేను మీద చెయ్యి వదిలేసినట్టే. ఇక నేల కింద మిగిలిందేదైనా పరిగె ఏరుకునేవాళ్లది. నేల ఇటుకైపోతే ఏరుకునేదేముంది? అందుకే ఆ కట్టుబాటు ఇన్నాళ్లూ గడ్డకట్టుకుని పడుంది. నిన్నటి వానకి నేల మెత్తబడింది. కట్టుబాటు మొలకెత్తింది.

తెల్లారింది. ద్వారకనాథ్ లుంగీ ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో జారుతూ లేస్తూ చేను చేరేసరికి గట్టు మీద ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. పారలు, బుట్టలు, ఖాళీ సిమెంటు సంచులు. అందరికంటే ముందు మునెమ్మ. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకి తుండుగుడ్డ, భుజాన పార. ఆ ఊళ్లో నాటుకైనా కోతకైనా కూలి మనుషుల్ని కూడగట్టేది ఆవిడే. ఆవిడ 'ఊఁ' అంటే పని మొదలు, 'ఊహూఁ' అంటే పని మూల.

"ఏం మునెమ్మా, ఇంత పొద్దున్నే బారు కట్టినారు, పెండ్లికి పోతా ఉండారా?" అన్నాడు ద్వారకనాథ్, రొప్పు కనపడకుండా నవ్వు పులుముకుని.

"పెండ్లికేనయ్యా. పెండ్లికూతురు నీ చేను కింద దాక్కోనుండాది. తొవ్వి తోడుకోని పోదామని వచ్చినాం."

"ఇది నా చేను మే!"

"కాదంటిమా? చేను నీదే. పైన గాలి నీదే, సుట్టూ గట్టు నీదే. కిందుండే కాయ మాత్తరం మేక మేసినాక మాది."

"కోత కోసినాక కదా పరిగె వచ్చేది? నేనింకా కోతే మొదులుపెట్టలేదే!"

"నువ్వు పెట్టలేదయ్యా, మేకలు పెట్టినాయి. పాపం, కూలి గూడా అడగలేదు."

గట్టు గట్టంతా గొల్లుమంది. ద్వారకనాథ్ మీసం కొసలు కిందికి దిగాయి. ఆ మీసం ఆయన మనసుకి ముల్లులాంటిది, గడియారం ముల్లు. చూసేవాళ్లకి లోపల ఎంతైందో తెలిసిపోతుంది.

మునెమ్మ కోడలు యువరాణి శ్రీపెరంబుదూరు కంపెనీ బస్సు దిగి, మెడలో ఐడీ కార్డుతోనే నేరుగా చేనుకొచ్చింది. ఫోను తీసి తలపైకెత్తి పట్టుకుంది. ఫోనులోంచి గొంతు గట్టు మీద ఖంగుమంది: 'ఈ నేలలో ఒక్క కాయ ఉండాదని ఎవురైనా చూపిస్తే ఈ మీసం కొండ మీద ఇచ్చేస్తా!'

"ఇది మీరే కదా పెద్దయ్యా?" అంది ఎంతో మర్యాదగా.

మీసానికీ మోసానికీ మధ్య దూరం ఎంత తక్కువో ద్వారకనాథ్‌కి ఆ క్షణం తెలిసింది. తన మీద తన గొంతే సాక్ష్యం చెబుతుంటే ఏ మనిషి మాత్రం ఏం వాదిస్తాడు? వాదన వదిలి దారిలోకొచ్చాడు.

"ఇను మునెమ్మా. మీసం పోతే పోనీ, మళ్లా మొలుస్తాది. విత్తనం పోతే మొలవదు. మన ఊరి ఎర్ర గింజ యాడుండాది ఇప్పుడు? పోయినేడు ఎండిపాయె, అంతకు ముందేడూ ఎండిపాయె. గాదె ఊడ్చి కడ గింజలు తెచ్చి ఈ చేలోనే ఇత్తినా. ఇవి పోతే కార్తికంలో నా నేల బీడే. తినేదానికి అడగలేదు మే, ఇత్తేదానికి!"

మునెమ్మ నవ్వు ఆపింది. "నేను మాత్తరం ఉడకేసుకోని తినేదానికి వచ్చినానా? సెరువు కట్ట కింద నాకూ ముక్క నేలుండాది. అదీ బీడే. నాకూ ఆ గింజే కావాల."

చూశారా తమాషా? రెండు చేతులకీ కావలసింది ఒకే గింజ. ఒకరిది పట్టా హక్కు, ఒకరిది పరిగె హక్కు. ఇద్దరి మాటా సబబే. రెండు సబబులు కలిస్తే పుట్టేది జవాబు కాదు, జగడం! మాట మీద మాట పెరిగింది. "మేక ఎవరిది, పొన్నుస్వామిది కదా, ఆయన్నడగండి" అని ఈయన. "మేకకేం తెల్సు, తోలించినోణ్ణి అడగాల" అని ఆవిడ. పారలు భుజాలు దిగలేదు, గొంతులు ఆకాశం దిగలేదు.

ఇంతలో గట్టు చివర్నుంచి ద్వారకనాథ్ భార్య అలిమేలమ్మ వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా ఇద్దరి మధ్యా నిలబడి గుప్పిట విప్పింది. అరచేతిలో మట్టి అంటిన కాయ ఒకటి. పైతొక్క పగిలి ఉంది. పగుల్లోంచి తెల్లగా, చిన్నగా, పాపాయి పన్నులాగా మొన ఒకటి తొంగి చూస్తోంది.

"ఇదో, గట్టోరన ఏలు పెట్టి తీసినా. ముక్కు బయట పెట్టింది. రేపటికి మొలకై లేస్తాది. మొలకలెత్తిన కాయని గాదెలో దాస్తారా, పురుగులకు పోస్తారా? పంచాయితీ బాగా నిదానంగా పెట్టుకోండి. అయినాక ఆ మేకల్నే మళ్లా తోలుకోండి."

అందరూ ఆ మొన వంక చూశారు. తర్వాత అందరూ ఒక్కసారే తలలెత్తి కొండ వంక చూశారు. కొండ వెనక మళ్లీ నల్లగా కమ్ముకుంటోంది. రెండేళ్లు ఏ మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా చూశారో, ఆ మబ్బుని ఇప్పుడు 'కాస్త ఆగమ్మా తల్లీ' అని బతిమాలుకోవలసి వచ్చింది. రాకపోతే కరువు, వస్తే కంగారు. వాన అడకత్తెరలాంటిదయితే రైతు నడుమ వక్క.

"సగం సగం," అంది మునెమ్మ.

"సగం సగం," అన్నాడు ద్వారకనాథ్, అంత గబగబా అన్నాడని తనకే ఆశ్చర్యం వేసేలా.

"గీత నువ్వు గియ్యి. ఎంచుకునేది మేము."

ద్వారకనాథ్‌కి గీత గీయాల్సిన అవసరమే లేదు. చేను నడుమ నల్లటి పైపు ఒకటి పడుకుని ఉంది. పైపుకి పడమట బోరు నీళ్లు పారే నేల చెక్క. ఆ చెక్క మీదుగా పొన్నుస్వామి చెరుకుకీ నీళ్లిచ్చే ఆ బోరు బావా బావమరుదులది చెరి సగం. దాని లోతు గురించి ద్వారకనాథ్ చెప్పడం మొదలుపెడితే బోరు ఎంత లోతో వినేవాళ్లకి అంత బోరు. కరువు రెండేళ్లూ ఆ చెక్కకి నీళ్లు పెట్టాడు, బస్తాలు బస్తాలు ఎరువేశాడు. ఇప్పుడు దాని మీద వాన నీళ్లు అద్దాలు పరిచినట్టు నిలబడి మెరుస్తున్నాయి. పైపుకి తూరుపున నీళ్లు అందని చెక్క. పోయిన ఎండాకాలం గొర్రెల కాపరి వెంకటపతి రాత్రిళ్లు చేలో మంద కట్టడానికి చోటడిగితే, గొర్రెలు పైపు కొరుకుతాయని తూరుపుకు తరిమాడు. అక్కడ చుక్క నీరు నిలవలేదు. నేల నల్లగా, మామూలుగా ఉంది. నిన్న వాన పడిందా అని దాన్నే అడగాలనిపించేలా ఉంది.

కాయంటే పడమట, మట్టంటే తూరుపు. ఇందులో ఆయనకి అనుమానం లేదు. కాకపోతే ఎంచుకునేది మునెమ్మ! ద్వారకనాథ్ ముఖాన దిగులు తెచ్చిపెట్టుకుని, పడమట చెక్క వైపు చూస్తూ పెదవి విరిచాడు.

"ఆ పక్క వొట్టి బురద మునెమ్మా. కాలు పెడితే మోకాటి దాకా దిగతాది. ఆడవాళ్లు, మీకెందుకా అవస్థ? తూరుపు చెక్క తీసుకోండి, మెత్తగా పూలబాటలాగుండాది."

మునెమ్మ ఆయన మీసం వంక చూసింది. మీసం పైకి లేచి ఉంది.

"మాకు బురదే ఇష్టమయ్యా," అంది. "బురదలో పుట్టినోళ్లం. పడమట మాది!"

మీసం పడిపోయింది. మనిషి గట్టు మీద చతికిలబడ్డాడు. చేతిలో ఉన్న చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ ఎగిరిపడ్డాయి. ఆడవాళ్లు కేకలేస్తూ, కొంగులు దోపుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ మెరిసే నీళ్లలోకి దిగారు. పెండ్లికూతుర్ని ఎత్తుకుపోయే హడావిడే అది!

మునెమ్మ మొదటి వేటు వేసింది. నీళ్లు చింది ముఖాన పడ్డాయి. రెండో వేటు వేసింది. పార కింద కర్రుమంది. వంగి, నీళ్లలో చెయ్యి పెట్టి, పెళ్ల ఒకటి పెకలించి పైకెత్తింది. తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసింది. పెళ్ల పైభాగం తడి, జిడ్డు జిడ్డుగా ఉంది. అడుగుభాగం పొడి! పిసికితే దుమ్ము రాలింది. అంత వానా పైనే నిలబడిపోయింది, బెత్తెడు లోతుకైనా దిగలేదు. ఇంకో చోట తవ్వారు. అక్కడా అంతే. గట్టు వారన నీళ్లు తీసిన చోట నేల మీద తెల్లటి పొర అప్పడంలాగా లేచొచ్చింది. యువరాణి దాన్ని వేలితో తీసి నాలుకకి రాసుకుంది.

"అత్తా, ఉప్పు!"

కాయలు దొరకలేదా? దొరికాయి, బుట్ట నిండా దొరికాయి. మునెమ్మ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. చప్పుడు లేదు. వేళ్ల మధ్య నొక్కింది. 'తుస్' మంది. ఇంకోటి తుస్. ఇంకోటి కూడా తుస్. తొక్కే కాయ, లోపల గాలి. పప్పు లేని కాయలో కూడా ఇంతమంది కలిసి పప్పులో కాలేశారు!

గట్టు మీద ద్వారకనాథ్ ఇది చూస్తూనే ఉన్నాడు. తన బోరు తడిపిన నేల. తన ఎరువు తిన్న నేల. ఆయనకి నవ్వు రావాల్సింది, రాలేదు.

"అందుకే నేను మొత్తుకునేది," అంది పక్కన అలిమేలమ్మ. "ఆ బోరు నీళ్లల్లో కందిపప్పు ఉడకదని ఎన్నిసార్లు చెప్పినా? పొంగళ్లు పెట్టినంతసేపు మంట పెట్టినా గింజ గింజగానే ఉంటాది. వంటింట్లో పప్పుకే పనికిరాని నీళ్లు కాయలో పప్పుకు యాడ పనికొస్తాయి?"

ఆయన లేచి, గట్టు మీద పడున్న పార ఒకటి పట్టుకుని, తనకి మిగిలిన తూరుపు చెక్కలోకి, శిక్ష పడినవాడిలా నడిచాడు. బీడు నేలలో కొట్టేవాడిలా, ప్రాణం లేకుండా ఒక్క వేటు వేశాడు.

పార పిడిదాకా దిగింది.

ఆయన తూలి ముందుకు పడబోయి నిలదొక్కుకున్నాడు. పారతో మీటి పైకెత్తాడు. నల్లటి మట్టి, మెత్తగా, గుల్లగా, వెచ్చటి వాసనేస్తూ విచ్చుకుంది. గొర్రె పెంటికలు మాగిపోయి మట్టిలో మట్టయ్యాయి. వానపాము ఒకటి విసుక్కుంటూ లోపలికి ముడుచుకుంది. వేరు పట్టుకుని ఎత్తితే... గుత్తి! గుత్తికి గుత్తి! బొద్దుగా, బరువుగా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కాయలు. ఒకటి చిదిమాడు. ఎర్రటి గింజలు కులాసాగా పడుకుని ఉన్నాయి.

"కాయ!" అని అరిచాడు. "కాయలే! కాయలోయ్! అలిమేలూ, కాయలు!" పక్కన తవ్వాడు, ఇంకో గుత్తి. ఆ పక్కన తవ్వాడు, అక్కడా గుత్తే. మనిషి ఒంటికాలి మీద గంతులేశాడు. లుంగీ జారబోతే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గుత్తి తలపైకెత్తి కొండకి చూపించాడు. "నిన్నటి వానంతా ఇది తాగేసింది మే! బొట్టు గూడా బయట పెట్టకుండా తాగేసింది!"

"పెద్దయ్యా," అంది యువరాణి ఫోను అటే తిప్పి పట్టుకుని, "మీసం!"

ఒక్క కాయ చూపిస్తే ఇస్తానన్న మీసం! చూపించింది ఎవరో కాదు, తనే. ద్వారకనాథ్ నాలుక కరుచుకున్నాడు. అయినా ఆనందం మీసంలో దాగలేదు. "ఇచ్చేస్తాలే తల్లీ, కిరుత్తిక పండగకు కొండెక్కి ఇచ్చేస్తా. ముందు కాయ పెరకండి! రండి, రండి, మబ్బు చూడండి యాడికొచ్చిందో!"

ఎవరూ రాలేదు.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆడవాళ్లంతా పడమట చెక్కలోంచి పైకెక్కి, గట్టు మీద వరసగా, పారలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో మునెమ్మ. తీరిగ్గా వక్కాకు మడుస్తోంది.

అప్పుడర్థమైంది. కాయలన్నీ తనవి, చేతులన్నీ ఆవిడవి! ఆకు లేని చేను, పట్టి లాగడానికి కాడ కూడా మేకలు మిగల్చలేదు. గుత్తి గుత్తీ తవ్వి తీయాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకున్నా సాయంత్రానికి ఓ మూల అవుతుంది. ఆ పైన వాన. ఆ పైన మొలకలు.

"కూలి నువ్వు చెప్పిందే మునెమ్మా," అన్నాడు.

"కూలి వద్దు."

"సరే, కాయలో ఒక వంతు తీసుకో."

"విత్తనానికి సరిపడా తీసుకుంటా. అది చాలదు." మునెమ్మ వక్కాకు నోట్లో పెట్టుకుని లేచి నిలబడింది. "నేనూ నీ మాదిరే నీళ్లు చూసి మోసపోయినానయ్యా. తళతళమంటే నిండుగా ఉండాదనుకున్నా. ఇప్పుడు ఇద్దరం చూసినాం. గొర్రెలు పడుకున్న నేల ఆ పక్క, నీ బోరు పారిన నేల ఈ పక్క. మేము ఎంచుకున్న చెక్క మాదే, మేం మాట తప్పేది లేదు. ఆ ఉప్పు చెక్క రెండేండ్లు మా చేతికియ్యి. వెంకటపతిని పిలిపించి మంద కట్టిస్తాం, సెరువు మట్టి మోస్తాం, ఏమన్నా చేసుకుంటాం. అయితే ఆ బోరు నీళ్లు చుక్క గూడా ఇటు రాకూడదు. పొరబాటున గూడా. దాని ఫ్యూజు నీ చేతుల్తో పెరికి నా చేతిలో పెట్టు. పెట్టిన మరు నిమిషం ఈ పారలన్నీ నీ కాయ మీదుంటాయి."

ద్వారకనాథ్ మోటారు షెడ్డు వంక చూశాడు. ఆయుధపూజకి కట్టిన బంతిపూల దండ ఇంకా తలుపుకి వేలాడుతోంది. ఊళ్లో బావులన్నీ నోరు తెరిచిన రోజున కూడా ఆ బోరు ఒక్కటే మాట్లాడింది. దాన్ని చూపించి ఎన్ని మెలికలు తిప్పాడో ఆ మీసాన్ని! ఇటు చూశాడు. గుప్పిట్లో ఎర్ర గింజలు. అటు చూశాడు. అప్పడంలా లేచిన తెల్లటి పొర. కొండ వెనక ఉరిమింది.

"యువరాణీ," అన్నాడు. "ఆ ఫోను తియ్యమ్మా. ఈడియో పెట్టు."

యువరాణి పెట్టింది. ఆయన మీసం మెలేయబోయి, మానుకుని, చెయ్యి కిందికి దించాడు.

"అందరూ ఇనండి. ఈసారి మీసం మీద కాదు. ఈ చెక్క రెండేండ్లు మునెమ్మది. బోరు ఫ్యూజు ఇప్పుడే పెరకతా ఉండా. ఇదో, పోతా ఉండా, చూడండి!"

గట్టు మీద ఈలలు మోగాయి. ఆడవాళ్లు లేచారు. అలిమేలమ్మ అప్పటికే బుట్ట ఖాళీ చేసి తెచ్చేసింది. ద్వారకనాథ్ బురద చిమ్ముకుంటూ షెడ్డు దగ్గరికి పరిగెత్తాడు, దండ పక్కకి నెట్టి తలుపు తోశాడు.

తలుపు కదల్లేదు.

లోపల్నుంచి ఎవరో వీపు ఆనించి కూర్చున్నారు. తలుపు సందులోంచి మేక ఒకటి మూతి బయట పెట్టి, బంతిపూల దండ అందుకుని నమలసాగింది.

"పొన్నుస్వామీ! నువ్వేనా? తలుపు తియ్ రా!"

"తియ్యను బావా." గొంతు బొంగురుపోయి ఉంది. "అంతా ఇంటా ఉండా. కాయ నీది, చెక్క ఆయమ్మది, బాగుండాది. నా చెరుకు సంగతి ఎవురైనా అడిగినారా? అది ఈ ఉప్పునీళ్ల మీదే ప్రాణం పట్టుకోనుండాది. తిరువాలంగాడు మిల్లుకు తోలే దాకా నిలబడాల. బోరులో సగం నాది. నీ సగం పెరుక్కో బావా, నా సగం మాత్తరం ఆడతానే ఉంటాది!"

లోపల టక్కుమని స్విచ్చి పడింది. మోటారు గురగురమంది. చేను నడుమ పడుకున్న నల్లటి పైపు పాములా ఒళ్లు విరుచుకుని, ఉబ్బి, పడమట చెక్క వైపు నోరు తెరిచింది.

ద్వారకనాథ్ మీసం మీద మొదటి చినుకు పడింది. వెనక్కి తిరిగి చూశాడు. తూరుపు చెక్క అంచున ఆడవాళ్లు బారులు తీరి నిలబడి ఉన్నారు. పారలన్నీ గాల్లోకి లేచి ఉన్నాయి. మునెమ్మ పైపు వంక చూస్తోంది. ఒక్క పార కూడా కిందికి దిగలేదు.